వార్డు ఎన్నికలొస్తున్నాయి: మా వీధి చివర బడి సంగతి ఎవరిని అడగాలి?

నాలుగో_వీధి
అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను. చెబితే ఇక్కడున్న వాళ్ళలో సగంమంది మా కౌన్సిలర్‌కి చుట్టాలని తేలుతుంది.

మా వీధి చివర మున్సిపల్ ప్రాథమిక పాఠశాల ఉంది, ఒకటి నుంచి అయిదు దాకా. మా అపార్ట్‌మెంట్ పిల్లలెవరూ అందులో చదవరు, మా అమ్మాయి కూడా. ప్రహరీ ఒకవైపు కూలి ఏడాది దాటింది. వానొస్తే గేటు ముందు నీళ్ళు నిలుస్తాయి. పొద్దున ఆయమ్మ ఊడ్చేటప్పుడు వరండాలో ఖాళీ సీసాలు దొరుకుతాయి. పోయినసారి మున్సిపల్ ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి, అంటే 2026 మార్చితో అయిదేళ్ళ గడువు సరి. ఎన్నికలు ఎప్పుడు పెడతారో గానీ ఆశావహుల ఫ్లెక్సీలు మాత్రం సంక్రాంతి నుంచే ఉన్నాయి. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళని మా సంక్షేమ సంఘం తరఫున బడి గురించి నిలదీద్దామని నా ఆలోచన. సంఘంలో ఒక పెద్దాయన "మన పిల్లలు చదవని బడి మనకెందుకయ్యా, సిమెంటు రోడ్డు అడుగుదాం" అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు.

అసలు కౌన్సిలర్‌కి బడి మీద అధికారం ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పుకారం
ఉంది. ఆగస్టు 15న జెండా ఎగరేసే అధికారం.

రిటైర్డ్_హెచ్ఎం
ఉప్పుకారం గారూ, నవ్వొచ్చింది గానీ అది సగమే నిజం.

బాబూ నాలుగో వీధీ, నేను మున్సిపల్ బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. 2022 జూన్ దాకా మున్సిపల్ టీచర్లు మున్సిపల్ కమిషనర్ కింద ఉండేవాళ్ళు. ఆ నెలలో జీవో 84 ఇచ్చి మా పాలన, పర్యవేక్షణ విద్యాశాఖకి అప్పగించారు. స్థలం, భవనం మాత్రం మున్సిపాలిటీ ఆస్తిగానే ఉన్నాయి. కాబట్టి టీచరు లేడనో, పాఠం చెప్పడం లేదనో అయితే ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి, ఆపైన డీఈఓ (జిల్లా విద్యాధికారి) దగ్గరికి వెళ్ళాలి. ప్రహరీ, గేటు ముందు కాలువ, కుళాయి, వీధి లైటు, చెత్త అయితే మున్సిపాలిటీ. మీరు చెప్పినవన్నీ ఈ రెండో రకమే. అంటే కౌన్సిలర్‌ని అడగాల్సినవే. ఆయన "బడి మాది కాదండీ, విద్యాశాఖది" అంటాడు, చూడండి. అప్పుడు ఈ జీవో సంగతి ఎత్తండి.

ఇంకో మాట. మీ వార్డు సచివాలయంలో విద్య చూసే సెక్రటరీ ఒకరుంటారు, శానిటేషన్‌కి ఇంకొకరు, ఎమినిటీస్‌కి, అంటే కుళాయి, కాలువ, వీధి లైటు లాంటివాటికి, మరొకరు. ఎన్నికల దాకా ఆగకుండా ముందు వాళ్ళకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటకి మన దగ్గర ఆయుష్షు తక్కువ.

ఫారం_ఎనిమిది
నిలదీసే ముందు ఒక పని చేయండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి ఆ వార్డులో ఓటుందో లెక్కపెట్టండి. నేను బూత్ లెవెల్ ఏజెంటుగా తిరిగాను, ఏ పార్టీకో అడక్కండి. నలభై ఫ్లాట్లున్న చోట జాబితాలో పదిహేను కుటుంబాల పేర్లు కూడా ఉండవు. ఒకాయన ఓటు అత్తగారి ఊళ్ళో, ఇంకొకాయనది హైదరాబాద్‌లో, మూడో ఆయన "నాకు కార్డుందండీ" అంటాడు గానీ జాబితాలో పేరుండదు.

వార్డు జాబితాని విడిగా తయారుచేయరు, అసెంబ్లీ జాబితా నుంచే విడగొడతారు. కొత్తగా చేరాలంటే ఫారం 6, చిరునామా మారితే ఫారం 8. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే లాభం లేదు. అభ్యర్థులకి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. వెనక గుడిసెల వైపు మూడుసార్లు తిరిగి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కరపత్రం ఇచ్చి వెళ్ళిపోయేది అందుకే. 2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్‌లో పోలింగ్ 46 శాతం దాటి ఎంతో లేదు. ఆ మిగిలిన సగం ఎక్కడ నివసిస్తారో ప్రతి పార్టీకీ తెలుసు.

సుద్దముక్క
నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని, ఇప్పుడు సర్వీసులో ఉన్నాను కాబట్టి ఆచితూచి రాస్తాను 🙂

అందరూ వార్డు ఎన్నికల గురించే మాట్లాడుతున్నారు. 2026లో ఇంకో ఎన్నిక కూడా ఉంది: పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం (2009) 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంట్లు ఎలా ఖర్చయ్యాయో చూడటం వాళ్ళ పని. ఆంధ్రలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు, అంటే మీ వీధి బడికి పదిహేను మంది. వాళ్ళలోంచే చైర్మన్, వైస్ చైర్మన్. పోయినసారి 2024 ఆగస్టు 8న జరిగాయి. కాలపరిమితి రెండేళ్ళు. లెక్క మీరే వేసుకోండి.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను. ఆ కమిటీలో హోదా రీత్యా సభ్యులు కొందరుంటారు. హెచ్‌ఎం కన్వీనర్, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, వాళ్ళతోపాటు ఆ వార్డు కౌన్సిలర్. మీ కౌన్సిలర్‌కి బడి మీద అధికారం ఉందా అని అడిగారు కదా, ఆయన ఆ బడి కమిటీ సభ్యుడే. ఆ విషయం ఆయనకి తెలుసో లేదో నేను చెప్పలేను.

ఉప్పుకారం
సుద్దముక్క గారు చెప్పింది చట్టం. నేను చూసింది చెబుతాను. కమిటీ ఎన్నిక రోజు పొద్దున తొమ్మిదింటికి పార్టీ కార్యకర్తలు గేటు దగ్గరుంటారు. ఎవరి పేరు చెప్పాలో ముందురోజే నిర్ణయమైపోతుంది. తల్లులు చెయ్యెత్తుతారు, సంతకం పెడతారు, వెళ్ళిపోతారు. పంచాయతీ ఎన్నికల్లో గుర్తులుండవంటారు, ఊళ్ళో ఎవరిది ఏ పార్టీయో పిల్లాడికి కూడా తెలుసు. ఇదీ అంతే. తరవాత రెండేళ్ళు చైర్మన్‌ని ఫొటోకి పిలుస్తారు.

కుట్టుమిషన్
ఉప్పుకారం అన్నా, నేను అలాంటి కమిటీలోనే ఉన్నాను. వైస్ చైర్మన్‌ని. మాది నాలుగో వీధి గారి ఊరు కాదులెండి, పక్క జిల్లా. టైపింగ్ మా పెద్దమ్మాయి సరిచేస్తోంది, నిదానంగా చదవండి.

మీరు చెప్పినట్టే జరిగింది. చైర్మన్ పేరు ముందే అనుకున్నారు. వైస్ చైర్మన్ మహిళ అయితే బాగుంటుందన్నారు, ఎవరూ లేవలేదు, నేను లేచాను. మొదటి మీటింగ్‌కి "మీ ఆయన్ని పంపండమ్మా" అని ఫోనొచ్చింది. ఆయన మేస్త్రీ పనికి పోతాడు, రోజు కూలి వదులుకుని వస్తే ఇంట్లో గడవదు. నేనే వెళ్ళాను. అక్కడ నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మొగుళ్ళు. ఆ ఇద్దరూ సభ్యులు కారు, భార్యల బదులు వచ్చారు. సంతకాల పుస్తకం మాత్రం ఇంటికి పంపారంట.

మీటింగ్ పొద్దున పదకొండుకి పెట్టారు. కూలికి పోయే తల్లులు ఎలా వస్తారు? సాయంత్రం బడి వదిలే టైముకి పెట్టండి, ఎలాగూ పిల్లల్ని తీసుకెళ్ళడానికి వస్తాం అన్నాను. హెచ్‌ఎం గారికి మొదట ఇష్టం లేదు, ఆయన బస్సు టైము అదే. ఇప్పుడు బడి వదలగానే పెడుతున్నారు. తొమ్మిదిమంది, పదిమంది వస్తున్నారు. నా లెక్కలో మేము సాధించిన పెద్ద పని ఇదే, ఎవరికీ ఇది పనిలా కనపడదు గానీ.

నీళ్ళ సంగతి చెబుతాను. మా బడి బాత్రూముల్లో నీళ్ళుండేవి కాదు. పైపులున్నాయి, ట్యాంకుంది, మోటారుంది. నీళ్ళు లేవు. ఆడపిల్లలు ఇంటికెళ్ళేదాకా బిగపట్టుకునేవాళ్ళు, మా చిన్నది నీళ్ళు తాగడం మానేసింది. ఎందుకని చూస్తే, మున్సిపల్ కుళాయి పొద్దున ఆరింటికి వచ్చి ఏడింటికి పోతుంది. బడి తెరిచేది తొమ్మిదికి. ఆరింటికి వచ్చి తిప్పేవాళ్ళు ఎవరు? ఇంత చిన్న సంగతి ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే టీచర్లెవరూ ఆ ఊళ్ళో ఉండరు, ఆ వీధిలో ఉన్నవాళ్ళ పిల్లలు ఆ బడిలో లేరు. కౌన్సిలర్ గారు ఒక మీటింగ్‌కి వచ్చినప్పుడు (ఆ రోజు ఫొటోలున్నాయి) అందరి ముందూ అడిగాను. ఆయన అక్కడే ఫిట్టర్‌కి ఫోన్ చేశారు. కుళాయి తిప్పే పని లేకుండా సంపులోకి పైపు వేసి ఫ్లోటు పెట్టారు. నిండగానే అదే ఆగుతుంది. రెండో రోజుకి పని అయిపోయింది. తీర్మానం రాసి పంపినప్పుడు మాత్రం నాలుగు నెలలైనా కదల్లేదు.

పిల్లల చదువుకి తల్లులకిచ్చే తల్లికి వందనం పథకంలో మాకు 15,000 అని చెప్పి 13,000 వేశారు. మిగతా 2,000 బడి బాగుకి, మరుగుదొడ్ల నిర్వహణకి అని పట్టుకున్నారు. మంచిదే. మరి ఆ డబ్బుతో మా బడికి ఏమొచ్చింది అని అడగడానికి ఇంకెవరి అనుమతి కావాలి?

ఇంకోటి. నాకు ఇక్కడ వార్డు ఓటు లేదు. మేము పనికి వచ్చినవాళ్ళం, ఓటు కార్డులు మా ఊళ్ళోనే ఉన్నాయి. మా కమిటీలో సగంమంది అంతే. వార్డుకి మేము లెక్కలో లేము గానీ బడిలో మా చెయ్యి లెక్కలోకి వస్తుంది. అందుకని అది ఉత్తుత్తి ఎన్నిక అంటే నేను ఒప్పుకోను.

నాలుగో వీధి గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మా బడి గేటు పక్కన డంపర్ బిన్ ఉంది. అందులో చెత్త మా పేటది కాదు, ఎదురు అపార్ట్‌మెంట్లది. మీ బడి గేటు పక్కన ఏముందో చూసి రాయండి.

రిటైర్డ్_హెచ్ఎం
అమ్మా, చేతులెత్తి నమస్కారం. ఆ కుళాయి టైము సంగతి నా సర్వీసులో మూడు బడుల్లో చూశాను. ఒకచోట ఎదురింటి ముసలమ్మకి తాళంచెవి ఇచ్చి నడిపించాం. ఆమె పోయాక మళ్ళీ మొదటికొచ్చింది.

గ్రాంటు మాట కూడా చెబుతాను, కమిటీలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. సమగ్ర శిక్ష కింద ప్రతి బడికీ ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంటు ఉంటుంది. పిల్లల సంఖ్యని బట్టి: 30 లోపు 10,000, వంద దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా దాంట్లోనే. ఏడాది చివర్లో వచ్చి, ఫలానా తేదీలోపు ఖర్చుపెట్టండి అని తరుముతారు, అది వేరే కథ. రిజిస్టరు చూపించమని అడగండి. మంచి హెచ్‌ఎం అయితే సంతోషిస్తాడు. నిజంగా. సొంత జేబులోంచి పెట్టి, బిల్లు రాక ఎవరికీ చెప్పుకోలేని హెచ్‌ఎంలు చాలామంది ఉన్నారు.

నాలుగో_వీధి
కుట్టుమిషన్ గారూ, వెళ్ళి చూశాను. డంపర్ ఉంది, గేటుకి ఆరడుగుల దూరంలో. మా వాచ్‌మన్‌ని అడిగితే అది మొదట మా అపార్ట్‌మెంట్ మలుపులో ఉండేదట. సంఘం మినిట్స్ పుస్తకం తిరగేశాను. వాసన వస్తోందని అక్కణ్ణుంచి తీయించి బడి దగ్గర పెట్టించమని అర్జీ ఇచ్చింది మా సంఘమే. కింద సంతకం రోడ్డు అడుగుదామన్న పెద్దాయనదే.

ఉప్పుకారం
😂😂 నేనేమీ అనడం లేదు.

హన్మకొండ_పోరడు
మా తెలంగాణల సంగతి కొంచెం వేరే ఉంటది. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు. దానికి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. రిపేర్లు, బాత్రూములు, కరెంటు పనులు వాళ్ళ చేతుల మీదనే అయినయ్. మా బడిల పని మంచిగనే అయింది, అబద్ధం ఎందుకు. కానీ సంఘం అధ్యక్షురాలి పిల్లలు అదే బడిల చదవాలని లేదు. తల్లిదండ్రుల చేతిల ఉన్నది మెల్లగ సంఘం చేతిలకి పోయిందని మా కాక అంటడు. అంతకుముందు 2022ల మన ఊరు మన బడి వచ్చింది, మొదటి విడత 9,123 బడులు అన్నరు. మా పక్క బడిల గోడలు లేచినయ్, బిల్లులు రాలేదని కాంట్రాక్టు పట్టినాయన తిరిగి తిరిగి యాష్టకొచ్చిండు.

2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకి నాలుగు కమిటీలు ఉండాలె, ఒక్కోదాంట్ల 15 మంది: యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. మా వార్డుల ఆ అరవై మంది ఎవరో నాకు ఇంతవరకు తెల్వదు. మీల ఎవరికన్న తెలిస్తే చెప్పున్రి.

న్యూజెర్సీ_బాబాయ్
ఇక్కడ స్కూలు బోర్డుకి నేరుగా ఎన్నికలుంటాయి. మూడేళ్ళ పదవి, జీతం లేదు, పార్టీ గుర్తు లేదు. ఇంటిపన్నులో పెద్ద వాటా బడికే పోతుంది కాబట్టి పిల్లలు లేని ముసలివాళ్ళు కూడా మీటింగ్‌కి వచ్చి బడ్జెట్ మీద గొడవపడతారు. వీసా మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్న మనవాళ్ళకి ఓటు లేదు. అయినా మైకు దగ్గర నిలబడి మాట్లాడవచ్చు. గణితం అడ్వాన్స్‌డ్ క్లాసు తీసేస్తామన్నప్పుడు తప్ప మనవాళ్ళు ఆ మైకు దగ్గర కనపడరు, అది కూడా చెప్పాలి. పౌరసత్వం వచ్చినవాళ్ళు కొందరు ఇప్పుడు పోటీ చేస్తున్నారు.

ఉప్పుకారం
బాబాయ్, అక్కడ బడి బాగుంటే ఇంటి రేటు పెరుగుతుంది. ఇక్కడ ఇంటర్నేషనల్ స్కూలు బస్సు వీధిలోకి వస్తే పెరుగుతుంది. గొడవంతా అక్కడే ఉంది.

నిర్వాహకులు
రెండు వ్యాఖ్యలు తొలగించాం. అమ్మ ఒడి గొప్పదా, తల్లికి వందనం గొప్పదా అన్న చర్చకి వేరే దారం ఉంది. ఇక్కడ బడి, వార్డు మాత్రమే.

సుద్దముక్క
నాలుగో వీధి గారూ, మీలాంటివాళ్ళు, అంటే పిల్లలు అక్కడ చదవని ఇరుగుపొరుగు, ఎలా సాయపడవచ్చో టీచరుగా చెబుతాను. కమిటీ ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోవచ్చు, అంటే ఎన్నిక లేకుండా తనే చేర్చుకోవచ్చు, విద్యాభిమానులు, పూర్వ విద్యార్థుల్లాంటివాళ్ళని. కానీ ఆ కుర్చీ కోసం మీ అంతట మీరు వెళ్ళకండి. వాళ్ళు పిలిస్తే వెళ్ళండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని 2024 డిసెంబరు నుంచి పెడుతున్నారు కదా. తల్లులకి ముగ్గులు, తండ్రులకి తాడులాగే పోటీ, పిల్లలతో కలిసి భోజనం. మా బడిలో నిజంగానే పండగలా జరిగింది. ఆ రోజు ఒక సంఘం వాళ్ళు నాలుగు ఫ్యాన్లు తెచ్చారు. ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు. తిరుగుతుంటే కనపడవని స్విచ్చి ఆపించి ఫొటో దిగారు.

కుట్టుమిషన్
ఫ్యాన్లు వద్దండీ. మీకు ఇంగ్లీషులో, తెలుగులో ఆఫీసు అర్జీ రాయడం వస్తుంది. ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో తెలుసు. మేము వెళితే "రేపు రామ్మా" అంటారు, మీరు వెళితే కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ మా తరఫున వాడండి చాలు. ఏం అడగాలో మాత్రం తల్లులు చెప్పాలి. మీరొచ్చి ప్రహరీ అంటారు. ఆ తల్లులని అడిగితే ముందు బాత్రూము తలుపుకి గడియ అంటారేమో.

ఫారం_ఎనిమిది
ఒక ఆచరణ సలహా. ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చాక కొత్త పనులు మొదలుపెట్టరు, అడిగితే "కోడ్ ఉందండీ" అని తప్పించుకుంటారు. కాబట్టి డంపర్, కాలువ, వీధిలైటు లాంటివి ఇప్పుడే అడగండి. ప్రహరీకి అంచనాలు, టెండరు ఉంటాయి, అది అభ్యర్థుల నుంచి మాటగా తీసుకోవాల్సింది. ముగ్గురు అభ్యర్థుల్నీ ఒకే రోజు, ఒకే చోట కూర్చోబెట్టగలిగితే మంచిది, కానీ రారు. విడివిడిగా వచ్చినప్పుడు ఒకే కాగితం ఇవ్వండి, కింద సంతకం అడగండి. సంతకం పెట్టనివాళ్ళ పేరు సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతామని నవ్వుతూ చెప్పండి.

గడువు అయిపోయి ఎన్నికలు ఆలస్యమైతే పాలన ప్రత్యేకాధికారి చేతికి పోతుంది. అప్పుడు కౌన్సిలర్ ఉండడు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమమే దిక్కు. లెక్కలు కావాలంటే సమాచార హక్కు కింద అడగండి, మున్సిపల్ ఆఫీసు స్థాయిలో ఫీజు 10 రూపాయలే.

రిటైర్డ్_హెచ్ఎం
తీర్మానాన్ని తక్కువ చేయకండి, అమ్మా కుట్టుమిషన్. మీ ఫిట్టర్ తీర్మానంతో రాలేదు, నిజమే. కానీ 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించినప్పుడు ఎంత గోలయిందో గుర్తుందా? తల్లిదండ్రులు గేట్లకి తాళాలేసి కూర్చున్నారు. 2025లో చుట్టుపక్కల బడుల తరగతుల్ని ఒకచోట కలిపి మోడల్ ప్రైమరీ స్కూళ్ళు చేస్తామన్నప్పుడు కమిటీల అంగీకారం అడిగారు. అప్పుడు పుస్తకంలో రాతలున్న బడులు నిలబడి మాట్లాడాయి. ఏ బడిలో కమిటీ నిద్రపోయిందో అక్కడ తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్నారని విన్నాను. పుస్తకం రాస్తూ ఉండండి. తేదీ వేయండి. పేజీలకి నంబర్లు వేయండి.

(మీ వీధి దగ్గర శాఖా గ్రంథాలయం ఉందా, నాలుగో వీధి బాబూ? ఇంటిపన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు మనమందరం కడుతున్నాం. దాన్ని అడిగే నాథుడే లేడు. ఇది వేరే చర్చ, క్షమించండి.)

నాలుగో_వీధి
ఆదివారం సంఘం మీటింగ్ జరిగింది. ఎక్కువ రాయను.

బడి కమిటీ చైర్‌పర్సన్‌గారిని పిలిచాం. రావడానికి మొహమాటపడ్డారు, మా ఇంట్లో పనిచేసే అమ్మ వాళ్ళ వదినట, మేమెవరికీ తెలియదు. ముందేం కావాలని అడిగితే ప్రహరీ అనలేదు. గడియ అని కూడా అనలేదు. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళకి పొయ్యి మీద రేకు కావాలన్నారు, వానొస్తే వంట ఆగిపోతోందట. రెండోది డంపర్.

రేకుకి అక్కడే ఇద్దరు ఒప్పుకున్నారు, రేకు మీద పేర్లు రాయించుకోకూడదని షరతు పెట్టాను. ఓటర్ల లెక్క కూడా తీశాం. 36 ఫ్లాట్లకి వార్డు జాబితాలో ఉన్నవి 14 కుటుంబాలు. ఫారాలు పంచుతున్నాం.

డంపర్ దగ్గర చిక్కొచ్చింది. బడి గేటు నుంచి తీయాలని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఎక్కడ పెట్టాలన్న దగ్గర గంటన్నర గొడవ. శానిటేషన్ సెక్రటరీ "చోటు మీరు చూపించండి, రేపే మార్పిస్తా" అంటున్నాడు. అసలు డంపర్ లేకుండా ఇంటింటికీ బండి రెండుపూటలా వచ్చేలా చేసుకున్న వార్డులు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే ఎలా ఒప్పించారో రాయండి, బుధవారం మళ్ళీ కూర్చుంటున్నాం.

కుట్టుమిషన్
మా దగ్గర పొద్దునపూట ఒక్కసారే వస్తుంది బండి, ఏడింటికి. మీ వాళ్ళు ఆ టైముకి లేస్తారా?